ఆ క్రిస్మస్‌కు తాత డప్పు

శ్రీరాంపూర్‌లో ఆ కిరాయి రూములో క్యాలెండర్ పక్కన బొగ్గుముక్కతో గీసిన గీతలుండేవి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అంటే ఐదు మస్టర్లు. 1985 డిసెంబరు 23 రాత్రి పదేళ్ల కొడుకు వాటిని వేలితో లెక్కపెట్టాడు.

నూట ఎనభై ఐదు.

బొగ్గుబాయి సంగతి తెలియని వారికి ఈ లెక్క కొంచెం చెప్పాలి. ఆ పిల్లాడి తండ్రి బదిలీ ఫిల్లర్. పర్మినెంటు కార్మికుడు రాని రోజున అతడి స్థానంలో బొగ్గు ఎత్తే మనిషి. భూగర్భంలో పనిచేసే వారికి ఏడాదిలో 190 మస్టర్లు నిండితేనే పర్మినెంటుకు దారి దొరికేది. ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు. ఒకటి తగ్గినా మళ్లీ జనవరి ఒకటి నుంచి మొదటి గీత గీసుకోవాల్సిందే!

ఇంకా ఐదు కావాలి. 24, 25 తేదీల్లో ఊరికి పోతే మిగిలేది 26 నుంచి 31 దాకా. మధ్యలో ఒక ఆదివారం. సరిగ్గా ఐదు రోజులు. జ్వరం రాకూడదు, రైలు తప్పకూడదు, ఏ గొడవా జరగకూడదు.

"ఈ యేడు పోకుంటె ఏమైతది?" అంది తల్లి.

"మూడేండ్లాయె పోక. తాత ఎన్ని పండుగలు చూస్తడు ఇంక?" అన్నాడు తండ్రి. మరో మాట లేదు. రేకుపెట్టె సర్దారు.

మీదే ఊరు?

శ్రీరాంపూర్‌లో కొత్తగా పరిచయమైన ఇద్దరు మనుషులు రెండో మాటగా అడుక్కునే ప్రశ్న ఇది. జవాబు ఎప్పుడూ శ్రీరాంపూర్ కాదు. పెద్దపల్లి అనో, మంథని అనో, చొప్పదండి అనో చెబుతారు. అక్కడే పుట్టి, అక్కడి బడిలోనే చదివి, ఊరి ముఖం ఏడాదికోసారి చూసే పిల్లలు కూడా అదే చెబుతారు. దానికి కారణం ఉంది. క్వార్టరు కంపెనీది. రిటైరైతే తాళంచెవి అప్పగించాలి. ఇక బదిలీ ఫిల్లర్‌కు ఆ క్వార్టరు కూడా లేదు.

ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఆనవాళ్లను విలియం కింగ్ గుర్తించింది 1871లో. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో పుట్టింది 1920 డిసెంబరు 23న. గోదావరికి అటూ ఇటూ గనులు పడ్డకొద్దీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి జనం కదిలారు. భూమి లేనివారు ముందు కదిలారు. వానాకాలం చేను పోయిన రైతులూ వచ్చారు, దొరల గడీల ముందు వెట్టి చేసి విసిగిన వాడల మనుషులూ వచ్చారు. గని లోపల దీపం వెలుతురులో కులం కనపడదని కార్మికులు చెప్పే మాట పూర్తిగా నిజం కాకపోవచ్చు. కానీ నెల తిరగ్గానే చేతికి నోట్లు వచ్చేవి, గింజలు కాదు. అది మాత్రం నిజం.

దూరంగా ఆఫ్రికాలో ఇలాంటి బొగ్గుపట్నమే ఒకటుంది. నైజీరియాలోని ఎనుగు. అక్కడ 1909లో బొగ్గు కనుగొన్నారు, 1915లో తవ్వకం మొదలైంది. చుట్టుపక్కల పల్లెల ఇగ్బో జాతి వారే కార్మికులు. 1949 నవంబరు 18న ఇవా లోయ గని దగ్గర పోలీసులు కాల్పులు జరిపి 21 మంది కార్మికుల ప్రాణాలు తీశారు. ఆ ఇగ్బోలకు క్రిస్మస్ అంటే ఊరికి పోవడమే. లేగోస్‌లో ఉద్యోగం చేసినా, లండన్‌లో ఇల్లు కొన్నా డిసెంబరు చివరి వారంలో తాతల ఊళ్లో కనిపించాలి. తండ్రి వైపు బంధుగణాన్ని వాళ్లు 'ఉమున్న' అంటారు. పెళ్లిళ్లు, పంచాయితీలు, భూమి తగాదాలు అన్నీ ఆ వారంలోనే తేలతాయి. రచయిత్రి చిమమాండా అడీచీ 2003లో వచ్చిన తన తొలి నవల 'పర్పుల్ హైబిస్కస్'లో ఎనుగు నుంచి అబ్బ అనే సొంతూరికి క్రిస్మస్‌కు వెళ్లే కుటుంబాన్ని చూపించింది. అందులో తాత మతం మారడు. మతం మారిన కొడుకు, తన పిల్లలను ఆయన దగ్గర పావుగంటకు మించి ఉండనివ్వడు.

ఈ కథలోనూ తాత బాప్తిస్మం తీసుకోలేదు. కానీ ఇక్కడ పిల్లలను ఆపిన వారెవరూ లేరు.

గోదావరి దాటితే...

రవీంద్రఖని స్టేషన్‌లో 24 తెల్లవారుజామున చలికి అందరూ మూటల్లా ముడుచుకున్నారు. ప్యాసింజర్ వచ్చింది. మంచిర్యాల దాటగానే తల్లి పది పైసల బిళ్ల కొడుకు చేతిలో పెట్టింది. వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది కదా, ఆ చప్పుడు వినగానే కిటికీ ఊచల్లోంచి బిళ్ల విసరాలి. గోదారమ్మకు దండం పెట్టాలి. క్రిస్మస్‌కు పోతూ గోదారికి మొక్కడం ఏమిటని ఆ పెట్టెలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇగ్బోల దారిలోనూ ఒక నది ఉంది. లేగోస్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఒనిత్షా దగ్గర నైజర్ నది దాటాలి. 1965లో కట్టిన వంతెన మీద డిసెంబరులో వాహనాలు గంటల తరబడి నిలిచిపోయేవి. పక్కనే రెండో వంతెన 2023లో మొదలైంది. నది దాటితే ఇల్లు చేరినట్టేనని అక్కడి పిల్లలకూ తెలుసు.

పెద్దపల్లిలో దిగి, ఒక బస్సెక్కి, అది ఆగిన చోటి నుంచి రెండు మైళ్లు నడక. ఎస్సారెస్పీ కాలువ గట్టు మీద చెట్ల నీడ. కోసిన వరి మళ్లు. అవతల ఊరు. ఊరికి అవతల, కుంట పక్కన వాడ.

వాడ ముందే అలికి ముగ్గేసి ఉంది. గోడలకు సున్నం, కింద జాజు పట్టీ. బాపమ్మ పొయ్యి దగ్గర గరిజలు వత్తుతోంది. సకినాలు సంక్రాంతివని మనం అనుకుంటాం గానీ వాడలో క్రిస్మస్‌కు కూడా సకినాలు చుట్టాల్సిందే. పిల్లలు వెదురు బద్దలు చీల్చి, గాలిపటం కాగితం మైదా లైతో అంటించి నక్షత్రం చేస్తున్నారు. లోపల కరెంటు బుగ్గ పెట్టాలని శ్రీరాంపూర్ పిల్లాడు సలహా ఇచ్చాడు. వాడలో కరెంటే లేదు! ఎర్రకాగితం వెనక కందిలి పెట్టారు. కాసేపటికి ఒక కొన కాలింది. అయినా అదే కట్టారు.

గుడి అంటే నాలుగు మట్టిగోడలు, పైన గూనపెంకలు. కరీంనగర్ ప్రాంతానికి వెస్లియన్ మెథడిస్టు మిషన్ వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. మెదక్‌లో పోస్నెట్ దొర కట్టించిన పెద్ద చర్చిని 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టులూ ఆంగ్లికన్లూ మరికొన్ని సంఘాలూ కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యాయి. కరీంనగర్ డయాసిస్ 1978లో వచ్చింది. ఇవేవీ వాడలో ఎవరూ చెప్పరు. వాళ్ల లెక్కలో గుడి వయసు అంటే, "మా అత్త కాపురానికొచ్చినప్పుడు గోడలు లేస్తున్నయి" అన్నంతే.

ఇంకో సంగతి. క్రైస్తవం తీసుకున్న దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా ఇవ్వలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970లో వారిని బీసీ-సీ జాబితాలో చేర్చారు. ఒకే ఇంట్లో ఒకరు గుడికీ ఒకరు పోచమ్మకూ పోయే వాడల్లో ఎవరు ఏమిటని అడిగితే జనం తడుముకోవడానికి అదొక కారణం. ఈ కుటుంబం పేరు, ఆ ఊరి పేరు ఇక్కడ లేకపోవడానికీ అదే కారణం.

పోచమ్మ డప్పు... క్యారల్స్‌కు!

తాత ఊరి డప్పు. పోచమ్మ బోనాలకు ముందు నడిచేది ఆయనే. పీనుగ ముందు నడిచేదీ ఆయనే. కల్లంలో మేర కింద ఏడాదికోసారి ఇన్ని గింజలు, చావు నాడు ఇంత సారా. అదే కూలి. అదే హక్కు. అదే వెట్టి కూడా.

బాపమ్మ గుడికి పోయేది. తాత అరుగు దాకా వచ్చి బయటే కూర్చునేవాడు. పొరుగూరి నుంచి వచ్చే పాస్టరు గారికి మొదట్లో డప్పు ఇష్టం లేదు. "పోచమ్మ ముందు కొట్టిన తోలు ఇది" అన్నాడట. బాపమ్మ అప్పటికప్పుడే, "ఆ నోటితోనే పోచమ్మ పాటలు పాడినం, ఇప్పుడు ఏసు పాటలు పాడుతలేమా? నోరు మార్చినమా?" అందట. పాస్టరు గారు నవ్వేశారు. అప్పటి నుంచి క్యారల్స్‌కు డప్పే.

ఇగ్బో పల్లెల్లో కూడా మిషనరీలు ముసుగు దేవర్లను వద్దన్నారు. 'మ్మన్వు' అని పిలుస్తారు వాటిని. పూర్వీకుల ఆత్మలే ముసుగులేసుకుని వస్తాయని నమ్మకం. మరి ఇప్పుడు అవి వీధుల్లోకి వచ్చి పిల్లలను తరిమే పెద్ద పండుగల్లో ఒకటి ఏదనుకున్నారు? క్రిస్మసే!

ఆ రాత్రి గడ్డిమంట వేసి ఎనిమిది డప్పులు కాచారు. పెట్రోమాక్స్ లైటు ముందు, పిల్లలు వెనక. వాడంతా తిరిగి, ఆగిన ప్రతి ఇంటి ముందు బెల్లం చాయ్ తాగి, నడిజామున గుడి ముందుకొచ్చేసరికి పిల్లాడి చేతులు మంటకు వెచ్చగా, కాళ్లు మంచుకు మొద్దుగా ఉన్నాయి. అప్పుడు వచ్చాడు పటేలింటి జీతగాడు.

"పెద్దవ్వ పోయింది. పొద్దుగాల తొమ్మిదింటికి లేవదీస్తరట. డప్పులు రమ్మన్నరు."

డప్పులు ఆగిపోయాయి.

రెండు పనుల నడుమ

ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను 1984లోనే రద్దు చేసింది. ఉద్యోగం పోయింది గానీ ఆ ఇల్లు పటేలిల్లే. అంతకు ముందు, 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేల మంది కూలీలు ఊరేగింపు తీశారు. జైత్రయాత్ర అని దానికి పేరు. వెట్టి చెల్లదన్న మాట ఆ తర్వాత ప్రతి ఊరికీ వచ్చింది. ఈ ఊరికీ వచ్చింది. కానీ చావు డప్పు దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"మా పండుగ ఇయ్యాల. పోవద్దు" అన్నాడు తండ్రి.

తాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ పెద్దవ్వ చెడ్డది కాదు. కరువు నాడు వాడ పిల్లలకు దొడ్డి వాకిలి దగ్గర గటక పోసిన మనిషి. ఆ పిల్లల్లో తండ్రి కూడా ఒకడు. అది తండ్రికీ తెలుసు.

"వస్త. గని ప్రార్థన అయినంక. పిల్లలు తిన్నంక" అన్నాడు తాత.

"గట్ల చెప్తె నన్ను కొడ్తరే" అన్నాడు జీతగాడు.

"నువ్వెందుకు చెప్తవు? నేనే వచ్చి చెప్త."

తెల్లవారకముందే తాత బయల్దేరాడు. వెనక తండ్రి. తండ్రి వెనక, ఎవరూ రమ్మనని పిల్లాడు. పటేలింటి గడప ముందు తాత చెప్పులు ఎప్పటిలాగే దూరంగా విడిచాడు. తండ్రి కాళ్లకు కంపెనీ బూట్లున్నాయి. గనిలోకి వేసుకుపోయే నల్ల బూట్లు. ఆయన విప్పలేదు. మరిచాడో, మరవలేదో తర్వాత ఎన్నడూ చెప్పలేదు. వాకిట్లో ఉన్నవాళ్లంతా చనిపోయిన మనిషిని వదిలి ఆ బూట్లనే చూశారని పిల్లాడికి గుర్తు.

తాత చెప్పాల్సింది చెప్పాడు. పటేల్ కొడుకు కోపంగా ఏదో అనబోయాడు. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. చివరికి, "పక్కూరోళ్లను పిలువుండ్రి" అని లోపలికి పోయాడు.

జీతగాడు సైకిలెక్కి రెండూళ్లు తిరిగాడు. ఒక ఊళ్లో డప్పులవాళ్లంతా గుడిలో ఉన్నారు. ఇంకో ఊళ్లో అందరూ పెద్దపల్లి చర్చికి పోయారు. చుట్టుపక్కల ఎక్కడా డప్పు దొరకలేదు. అందరికీ అదే పండుగ!

ఇటు గుడిలో ప్రార్థన సాగుతూనే ఉంది. పాటల మధ్య పిల్లాడు కిటికీలోంచి చూస్తే అరుగు మీద తాత లేడు. వెనక్కి తిరిగితే లోపల, చివరి వరుసలో, గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఎందుకు లోపలికొచ్చాడో ఎవరూ అడగలేదు. చలి ఎక్కువగా ఉందేమో.

మధ్యాహ్నం బగారా అన్నం, యాటకూర. పిల్లలకు ముందు పెట్టారు. తండ్రి మాత్రం పొద్దు వైపు చూస్తున్నాడు. రాత్రి ప్యాసింజర్ తప్పితే 26 ఫస్ట్ షిఫ్టు పోయినట్టే. నూట ఎనభై తొమ్మిది దగ్గర ఏడాది ఆగిపోతుంది.

మూడింటికి తాత లేచాడు. గడ్డి తెచ్చి మంట వేశాడు. రాత్రి కాచిన డప్పులే మళ్లీ కాచారు.

"కూలి మాట్లాడు" అన్నాడు తండ్రి.

"పీనుగ కాడ బేరమా?"

"బేరం కాదు. కూలి. డప్పుకు పది రూపాయలు."

తాతకు నోరు రాలేదు. తండ్రే అడిగాడు, బూట్లతోనే. ఎనిమిది డప్పులకు ఎనభై రూపాయలు. పటేల్ కొడుకు జేబులోంచి తీసి లెక్కపెట్టి జీతగాడి చేతికిచ్చాడు. జీతగాడు తాత చేతికిచ్చాడు. నేరుగా ఇవ్వలేదు. కానీ ఇచ్చాడు. ఆ ఊళ్లో చావు డప్పుకు పైసలు ముట్టడం అదే మొదలు. ఇక్కడ ఒక సినిమాలో అయితే తాత సారాను కాలితో తన్నాలి. తాత అలాంటి పనేమీ చేయలేదు. పైసలూ తీసుకున్నాడు, సారానూ వద్దనలేదు. పెద్దవ్వకు మాత్రం మనసుపెట్టి కొట్టాడు. కుంటకట్ట దాకా దరువు ఎక్కడా తగ్గలేదని వాడవాళ్లు చాలా ఏళ్లు చెప్పుకున్నారు.

పొద్దుగూకాక చెరి పది రూపాయలు పంచుకున్నారు. తాత తన వాటాలోంచి రెండు రూపాయలు మనవడికిచ్చాడు. ఆ క్రిస్మస్‌కు వాడికొచ్చిన కానుక అదే.

చివరి బస్సు పోయింది. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని పెద్దపల్లి దాకా నడక. పిల్లాడు చాలా దూరం తండ్రి భుజాల మీద నిద్రపోయాడు. తండ్రి జుట్టుకు గడ్డిమంట పొగ వాసన. స్టేషన్‌కు చేరేసరికి టైము దాటిపోయింది. అదృష్టం ఏమిటంటే రైలు కూడా ఆలస్యంగానే వచ్చింది!

డిసెంబరు 31 రాత్రి గోడ మీద ముప్పై ఎనిమిదో అడ్డగీత పడింది. నూట తొంభై.

క్వార్టరు ఇచ్చేశాక

తర్వాతి ఏడు పర్మినెంటు కాగితం వచ్చింది. ఆ తర్వాత క్వార్టరు. 1990-91 నాటికి సింగరేణిలో కార్మికుల సంఖ్య లక్షా 16 వేలు దాటింది. ఇప్పుడది 40 వేల చేరువలో ఉంది. యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్ట పట్టి బొగ్గు ఎత్తే ఫిల్లర్ పని మాయమైంది. ఆ తండ్రి రిటైరై క్వార్టరు తాళంచెవి ఇచ్చేసి, ఊరికి పోకుండా నస్పూర్ వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాడు. చాలామంది అలాగే చేశారు. 2016లో శ్రీరాంపూర్ మంచిర్యాల జిల్లాలోకి, ఆ ఊరు పెద్దపల్లి జిల్లాలోకి వచ్చాయి. గోదావరి మాత్రం మధ్యలో అలాగే ఉంది.

పిల్లాడికి ఇప్పుడు యాభై దాటాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం. డిసెంబరు 24న కారులో పిల్లలతో ఊరికి పోతాడు. వాడకు సీసీ రోడ్డు వచ్చింది. గుడికి స్లాబు పడింది. ఎల్‌ఈడీ నక్షత్రం దానంతటదే రంగులు మారుతుంది. క్యారల్స్‌కు సౌండ్ బాక్సులున్నాయి. అయినా చివరి ఇంటి దగ్గర ఎవరో ఒకరు డప్పు కాయమంటారు.

తాత 1990ల మధ్యలో చనిపోయాడు. బాప్తిస్మం తీసుకున్నాడో లేదో ఇంట్లోనే రెండు మాటలున్నాయి. పాస్టరు గారు ప్రార్థన చేయడానికి ఒప్పుకున్నారు. డప్పు విషయంలో తటపటాయించారు. బాపమ్మే అంది: "ఊరందరికి కొట్టినోడు. ఆయనకు కొట్టకుంటె ఎట్ల?"

ఏడు డప్పులు వచ్చాయి. ఎనిమిదోది తాతది. దాన్ని ఎవరూ తీసుకోకపోతే తండ్రి తీసి భుజాన వేసుకున్నాడు. బొగ్గుబాయికి పోయినప్పటి నుంచీ ఆయన డప్పు ముట్టలేదు. కుంటకట్ట దాకా ఆయన దెబ్బ తప్పుతూనే ఉంది. పక్కవాళ్లు తమ దరువు తగ్గించి ఆయన చేతికి తగ్గట్టు కొట్టారు. ఆ రోజు కూలి ఎవరూ తీసుకోలేదు.